సరుకు అందకుంటే పరిహారం: ఏ రోజు ధర? ఏ వూరి ధర?

బేరం కుదిరిన నాటికీ, సరుకు ఇవ్వవలసిన నాటికీ మధ్య ధర పెరిగితే అమ్మకందారు వెనుకాడడం బజారులో కొత్త కాదు. అట్టి సందర్భంలో కొనుగోలుదారుకు దక్కేదెంత? 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను దీనికి సమాధానం చెబుతున్నది.

ఒప్పందపు ధరకు, డెలివరీ రోజున అదే రకం సరుకుకు బజారులో వున్న ధరకు గల వ్యత్యాసమే సాధారణంగా పరిహారం. ఒక వర్తకుడు 100 క్వింటాళ్ల మిర్చిని క్వింటాలు రూ. 15,000 చొప్పున ఇస్తానని ఒప్పుకుని, గడువు నాటికి ఇవ్వలేదనుకుందాం. ఆ రోజు ధర రూ. 16,500 అయితే పరిహారం రూ. 1,50,000. మరుసటి నెలలో ధర రూ. 18,000కు ఎగబాకినా ఆ హెచ్చుతో నిమిత్తం లేదు. ఉభయులూ గడువు పొడిగించుకుంటే మాత్రం పొడిగించిన తేదీ నాటి ధరే లెక్క. గడువు నాటికి ధర పెరగకుంటే వ్యత్యాసమే వుండదు.

రోజు ఎంత ముఖ్యమో వూరూ అంతే ముఖ్యం. 1947లో కాన్పూరు నుంచి కలకత్తాకు గజం రూపాయి చొప్పున కాన్వాసు గుడ్డ పంపే ఒప్పందం ఒకటి జరిగింది. రైల్వే రసీదు ఆగస్టు 5న ఇవ్వాలి. రవాణా ఖర్చు కొనుగోలుదారుది. కలకత్తాకు రైల్వే బుకింగు నిలిచిపోయిందంటూ అమ్మకందారు అడ్వాన్సు తిప్పి పంపాడు. కొనుగోలుదారు దావా వేసి కలకత్తా ధరలు చూపాడు. కాని, డెలివరీ కాన్పూరులోనే గనుక అక్కడి ధరే ప్రమాణమని సుప్రీంకోర్టు 1961లో తీర్పు చెప్పింది. కలకత్తాలో మారు అమ్మకానికే సరుకు కొంటున్నట్టు అమ్మకందారుకు ముందుగా తెలుసునని రుజువు కాలేదు. కాన్పూరు ధరకు సాక్ష్యం లేదు. ఒప్పందానికి భంగం కలిగినా నష్టం రుజువు కానందున దావా వీగిపోయింది.

నష్టాన్ని తగ్గించుకునే అవకాశం వుండీ వాడుకున్నదీ లేనిదీ కూడా కోర్టు చూస్తుంది. అదే సరుకు బజారులో దొరుకుతుండగా కొనకుండా కూర్చుంటే, తర్వాత పెరిగిన నష్టం ఎదుటివారిపై పడదు.

కాబట్టి కాంట్రాక్టు చీటీలో ధరతోపాటు సరుకు రకం, గడువు తేదీ, డెలివరీ స్థలం స్పష్టంగా రాసుకోవాలి. సరుకు రాకుంటే గడువు రోజునే, డెలివరీ వూరి బజారు ధరకు ఆధారం సంపాదించి దాచుకోవాలి. కోర్టులో నిలిచేది ఆ కాగితమే.