ముప్పదియేండ్లు నిదురించిన పాట

విత్తినవన్నియు ఒక్కనాడే మొలకెత్తవు. కొన్ని గింజలు నేలలో అణగియుండి ఎన్నడో కురిసిన వానకు తల యెత్తును. పాటలకును ఇట్టి యోగము కలదనుటకు వాష్టి బన్యన్ అను ఆంగ్లవనిత చరిత్రము నిదర్శనము. సోదరీమణులు తెలిసికొనదగిన కథ యిది.

ఈమె 1945వ సంవత్సరమున ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమున జన్మించెను. ఆక్సుఫర్డులోని రస్కిన్ చిత్రకళాశాలలో చేరి, బొమ్మలు వ్రాయుటకు మారుగా పాటలు కట్టుచుండుటచే అచ్చటినుండి తొలగింపబడెను. 1965లో ఆమె పాడిన తొలి రికార్డు వెలువడెను. అందలి ముఖ్యగీతము ఇతరులు రచించినది. దానివలన ఆమెకు పేరు రాలేదు.

1968లో ఆమె తన సహచరుడు రాబర్టు లూయిస్‌తో కూడి, బెస్ అను గుఱ్ఱమును పూన్చిన బండిలో స్కాట్లండు పడమటి దీవులకు బయలుదేరెను. గాయకుడు డానొవన్ అచ్చట కళాకారులకొక నివాసము నెలకొల్పుచున్నాడని వినుటయే ఇందులకు కారణము. మోటారుబండ్ల కాలమున గుఱ్ఱపునడక! త్రోవలో చూచిన పొలములు, వానలు, చలిమంటలు చిన్నచిన్న పాటలయ్యెను. ఏడాదికి పైగా ప్రయాణము సాగెను. వారు చేరునప్పటికి ఆ కళాకారులలో పెక్కురు వెడలిపోయిరి. కోరిన నివాసము దక్కలేదు గాని, దారిలో కట్టిన పాటలు మిగిలెను.

ఆ పాటలను 1969 చివర నిర్మాత జో బాయ్డ్ లండనులోని సౌండ్ టెక్నిక్స్ స్టూడియోలో రికార్డు చేయించెను. రాబర్టు కర్బీ తంత్రీవాద్యములను కూర్చెను. డేవ్ స్వార్‌బ్రిక్ ఫిడేలు వాయించెను. పదునాలుగు పాటలును కలిసి సుమారు అరగంట మాత్రమే. గొంతు గుసగుసకంటె కొంచెము హెచ్చు. ‘జస్ట్ అనదర్ డైమండ్ డే’ అను పేర 1970 డిసెంబరులో ఫిలిప్స్ సంస్థ దీనిని వెలువరించెను. లోకులామెను జానపద గాయని యనిరి గాని, ఆ పేరు ఆమెకు సమ్మతము కాదు.

కొన్నవారు మిక్కిలి కొలది. ఆమె గిటారును ప్రక్కనబెట్టి, ఐర్లండు, స్కాట్లండు పల్లెలలో సంసారము చేసికొనుచు మువ్వురు బిడ్డలను పెంచెను. సంసారభారమే ఆ కంఠమును నొక్కివేసినదని మనము తొందరపడి తీర్పు చెప్పరాదు. తన పాటను ఆలకించువారు లేరను నిరాశయే ఆమెను మౌనమున ముంచినది.

ఇంతలో పాత రికార్డులు సేకరించువారు ఈ రికార్డును వెదకి వెదకి, హెచ్చు వెలకు కొనసాగిరి. 1990ల చివర ఇంటర్నెట్టులో తన పేరు వెదకినప్పుడుగాని ఆమెకీ సంగతి తెలియలేదు. 2000లో రికార్డు పునర్ముద్రితమయ్యెను. యువగాయకులు ఆమెను గురువుగా భావించిరి. 2005లో, అనగా ముప్పదియైదేండ్ల పిమ్మట, ‘లుకాఫ్టరింగ్’ అను రెండవ సంపుటము వెలువడెను. 2014 నాటి ‘హార్ట్‌లీప్’ను చాలవరకు తన యింటనే, తానే కూర్చి, తానే రికార్డు చేసికొనెను. తొలినాట పరుల చేతిలోనున్న పని తుదకు ఆమె చేతికే వచ్చెను.

ఆలస్యముగానైనను ఆమెకు ఆదరము లభించినది, సంతోషమే. కాని ఆ నడుమ కట్టబడక పోయిన పాటలను ఎవరు తిరిగి తేగలరు? మన యిండ్లలో బాలిక యొకతె పాట కట్టినపుడు మెచ్చుకోలు తరువాతి మాట. ముందు పని మానుకొని నాలుగు నిమిషములు చెవి యొగ్గుట మనకు సాధ్యమే. అంతటి చిన్న ఆదరము 1970లో ఆమెకు దొరకలేదు.