వేళ్లు సహకరించకపోయినా ఫోన్ వాడొచ్చు.. కనుబొమ్మ ఎగరేస్తే చాలు! పిల్లల కోసం ఈ సెట్టింగ్ తెలుసా?

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లాడికి పెన్ను ఇస్తే పట్టుకోలేడు. ఫోన్ ఇస్తే ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కేస్తాడు. మాట స్పష్టంగా రాదు కాబట్టి వాయిస్ టైపింగ్ కూడా చాలాసార్లు పనిచేయదు. దాంతో ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి టీచర్లు కూడా ‘వీడికి ఏమీ తెలియదు’ అని తేల్చేస్తారు. కానీ ఈ సమస్య ప్రధానంగా కండరాల కదలికకు సంబంధించింది. తెలివితేటలు బాగానే ఉన్న పిల్లలు వీళ్లలో చాలామందే ఉంటారు. తెలిసింది బయటపెట్టే దారే వాళ్లకు లేదు. అలాంటి ఒక దారి మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లోనే ఉంది. దాని పేరు స్విచ్ యాక్సెస్.

అసలు ఎలా పనిచేస్తుంది?

ఇది ఆన్ చేస్తే స్క్రీన్ మీద ఒక చిన్న గడి వెలుగుతుంది. అది ఒక్కో బటన్ మీదుగా తనంతట తానే కదులుతూ వెళ్తుంది. కావాల్సిన చోటికి రాగానే పిల్లాడు ఒక్క సైగ చేస్తే చాలు, ఫోన్ దాన్ని నొక్కినట్టే తీసుకుంటుంది. అంటే శరీరంలో ఏదో ఒక్క కదలిక వాళ్ల అదుపులో ఉంటే సరిపోతుంది. శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ కంప్యూటర్ వాడింది కూడా ఈ పద్ధతిలోనే. ఆయన చెంప కదిపితే కళ్లజోడుకు బిగించిన సెన్సర్ పసిగట్టేది.

2021లో గూగుల్ దీనికి కెమెరాను జత చేసింది. నవ్వడం, నోరు తెరవడం, కనుబొమ్మలు ఎగరేయడం, కుడికో ఎడమకో పైకో చూడటం.. ఈ ఆరింటిలో ఏదైనా స్విచ్‌గా పెట్టుకోవచ్చు. ఫోన్‌ను స్టాండ్‌లో కదలకుండా ఉంచాలి, ముఖం మీద వెలుతురు పడాలి.

ముఖ కండరాలు వాటంతట అవే కదిలిపోయే పిల్లలకు మాత్రం కెమెరాతో చిక్కే. అడగని బటన్లన్నీ నొక్కుకుంటాయి. అలాంటప్పుడు ఇంట్లో మూలన పడేసిన పాత యూఎస్‌బీ కీబోర్డ్ పనికొస్తుంది! ఓటీజీ కేబుల్‌తో ఫోన్‌కు కలిపి, స్పేస్ బార్‌ను స్విచ్‌గా సెట్ చేయండి. మోచేయి, మోకాలు, పాదం.. ఏది బాగా కదిలితే అది తగిలేలా కీబోర్డ్‌ను టేపుతో బిగించాలి. ఖరీదైన పరికరం కొనడం కంటే ఆ సరైన చోటు కనిపెట్టడమే అసలు పని. ఫిజియోథెరపిస్ట్ గానీ ఆక్యుపేషనల్ థెరపిస్ట్ గానీ పక్కనుంటే ఇది త్వరగా తేలుతుంది.

డెమో వీడియోల్లో అంతా చకచకా అయిపోతుంది. నిజానికి ఇది చాలా నెమ్మది. 50 గడుల కీబోర్డ్‌లో ఒక్కో గడికి ఒక సెకను చొప్పున వెలుగు తిరిగితే, చివరి అక్షరానికి 50 సెకన్లు పడుతుంది. అందుకే ముందు వరుసను ఎంచుకుని, తర్వాత అందులో అక్షరాన్ని ఎంచుకునే పద్ధతి పెట్టారు. 5 వరుసలు, వరుసకు 10 అక్షరాలు ఉంటే ఎంత ఆలస్యమైనా 15 సెకన్లలో తేలిపోతుంది. తెలుగులో గుణింతాలు, ఒత్తులు ఉంటాయి కాబట్టి ఇంకాస్త ఓపిక కావాలి. కీబోర్డ్ పైన సూచనగా వచ్చే పదాలు వాడుకుంటే కొంత శ్రమ తగ్గుతుంది.

మొదటి రోజే అక్షరాలు పెట్టకండి. సైగ చేస్తే పాట మొదలవ్వాలి, మళ్లీ చేస్తే ఆగాలి. ‘నేను చేస్తే ఇది జరుగుతోంది’ అని పిల్లలకు అర్థమవ్వాలి. వెలుగు ఒక్కో చోట రెండు మూడు సెకన్లు ఆగేలా పెట్టండి. త్వరగా అలిసిపోతారు కాబట్టి పది నిమిషాలు చాలు.

సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్తే స్విచ్ యాక్సెస్ ఉంటుంది. కనిపించకపోతే ప్లే స్టోర్‌లో వెతకండి. ఐఫోన్‌లో దీన్నే స్విచ్ కంట్రోల్ అంటారు, 2013 నుంచే ఉంది. కంప్యూటర్ వాడే పిల్లలకు చేతులు వణుకుతుంటే, విండోస్‌లోని ఫిల్టర్ కీస్ పొరపాటున తగిలిన కీలను వదిలేస్తుంది. ఇక మాట రాని పిల్లలకు చెన్నైలో తయారైన ‘ఆవాజ్’ యాప్ ఉంది. బొమ్మ నొక్కితే ఆ మాటను అదే పైకి పలుకుతుంది.

ఖర్చు మాటేంటి అంటారా? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్న విద్యార్థులకు 18 ఏళ్లు వచ్చేదాకా తగిన సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వాలి. ఇది దయతో ఇచ్చేది కాదు, చట్టంలోనే ఉంది. పరీక్షల్లో స్క్రైబ్, అదనపు సమయం కూడా ఇదే చట్టంలో ఉన్నాయి. అయితే అడిగేవాళ్లు తక్కువ. అడిగినా చాలాసార్లు వీల్‌చైర్ దగ్గరే మాట ఆగిపోతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. సర్టిఫికెట్, ఆధార్ పట్టుకుని అక్కడి రిసోర్స్ టీచర్‌ను కలవండి. వెళ్లేటప్పుడు పిల్లాడు సైగతో పాట పెట్టుకునే వీడియో ఒకటి ఫోన్లో తీసి చూపించండి, ఏ పరికరం కావాలో వాళ్లకు సగం అక్కడే అర్థమవుతుంది.