తొగరు వేరు, నేతగాని ఊహ
తూర్పు కనుమలలో వస్త్రకళ గురించి ఒక పరిశీలన

అరకు లోయ మీదుగా కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే రైలుమార్గం 1960లలో జపాను సహకారంతో, బైలాడిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేయబడింది. ఆ మార్గంలో అరకు, కోరాపుట్, జయపురం దాటిన తరువాత కోట్‌పాడ్ రోడ్ అనే చిన్న స్టేషను వస్తుంది. ప్రయాణికులలో అక్కడ దిగేవారు కొద్దిమందే. అయితే రంగుబట్ట చరిత్ర తెలిసినవారికి ఆ పేరు చిన్నది కాదు. ఒడిశా రాష్ట్రం మొత్తానికి మొట్టమొదటి భౌగోళిక గుర్తింపు 2005లో లభించింది ఈ కోట్‌పాడ్ చేనేత వస్త్రానికే. అక్కడి నేతగాడు గోబర్ధన్ పనికాకు 2018లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

కోట్‌పాడ్ మన పాఠకులకు పరాయి ప్రాంతం అనుకోనక్కరలేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు జయపురం జమీందారీ అంతా మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగమే. రాజకీయమైన గీత తరువాత గీయబడింది. కొండ మాత్రం ఒక్కటే. కొండమీది గదబలు, పరజలు, ఖోందులు గీతకు రెండువైపులా ఉన్నారు.

కళాకారుని ఊహ ఎక్కడినుంచి పుడుతుంది అన్నది నేడు తరచుగా వినిపించే ప్రశ్న. పట్టణపు చిత్రకారుని అడిగితే తన అంతరంగం నుంచి అంటాడు. కోట్‌పాడ్ విషయంలో ఈ జవాబు సరిపోదు. అక్కడ ఊహకు మూడు ఆధారాలున్నాయి: భూమిలోని వేరు, కట్టుకొనేవారి కోరిక, మగ్గం విధించే హద్దు. వీటిలో మొదటిదే మిగిలిన రెండింటికీ మూలం గనుక దాని గురించి కొంత విపులంగా చెప్పవలసి ఉన్నది.

ఆ వేరును అక్కడివారు ‘ఆల్’ అంటారు. తెలుగులో దీని జాతి చెట్టుకు తొగరు అని పేరు. తొగరు అన్న మాటకు ఎరుపు అనే అర్థం కూడా ఉన్నది; చెట్టుకూ రంగుకూ ఒకే పేరు పెట్టిన భాష, ఆ రంగు ఎక్కడినుంచి వచ్చిందో మరువకుండా దాచిపెట్టుకున్నదన్నమాట. (ఈ జాతిలోని ఒక చెట్టు కాయల రసాన్నే ఈ కాలంలో ‘నోని’ పేరుతో సీసాలలో పోసి అధిక ధరకు అమ్ముతున్నారు. కొనేవారిలో ఎంతమందికి దాని వేరు సంగతి తెలుసునో!) రంగు ఉండేది వేరు బెరడులో. మూడు నాలుగేళ్ళ వయసున్న మొక్క సన్నని వేళ్ళు శ్రేష్ఠమైనవి. చెట్టు ముదిరి వేరు లావెక్కిన కొలదీ రంగు తగ్గిపోతుంది. వేరును తవ్వి, బెరడు తీసి, ఎండబెట్టి, దంచి పొడి చేస్తారు.

కాని ఈ పొడిని నీళ్ళలో కాచి నూలు ముంచినంత మాత్రాన ఎరుపు నిలవదు. పట్టు, ఉన్ని సులభంగా రంగు పడతాయి, ప్రత్తి పట్టదు. ప్రత్తిని ఒప్పించడానికి చేసే సాధనలోనే ఈ కళ రహస్యమంతా ఇమిడి ఉన్నది. నూలు చిలపలను ఆముదంలోను, ఆవుపేడలోను, కట్టెల బూడిదనుంచి తీసిన తేటనీటిలోను నానబెట్టి, కాళ్ళతో తొక్కి, పిండి, ఎండలో ఆరవేస్తారు. మరునాడు మళ్ళీ అదే పని. ఇలా రోజుల తరబడి సాగుతుంది. బూడిదలోని క్షారం నూనెను విరిచి, అది పోగులోకి చొచ్చుకొనిపోయేటట్లు చేస్తుంది. అలా నూనె త్రాగిన పోగు రంగును పట్టుకొని విడువదు. ఆ తరువాతనే నూలు ఆల్ పొడి కాగే కుండలోకి దిగుతుంది. అదీ ఒక్కసారి కాదు. మొదటి ముంపులో లేత ఎరుపు, మళ్ళీ మళ్ళీ ముంచగా మేటి తొగరు. ఆ కుండలోనే కొంచెం అన్నభేది, అనగా ఇనుప లవణం, కలిపితే కాఫీగింజ రంగు, ఇంకా ఎక్కువైతే ఇంచుమించు నలుపు. ఇనుప ఖనిజం నింపుకొని రైళ్ళు పోయే దారి ప్రక్కనే, ఈ కళకు కావలసిన ఇనుము చిటికెడే కావడం ఒక చమత్కారం. మొత్తం పని ముగియడానికి మూడు వారాలనుంచి నెల వరకు పడుతుంది. ఎండ చాలకపోతే ఇంకా ఆలస్యం.

ఈ రంగుపని ఎక్కువగా స్త్రీలది. మగ్గం పని పురుషులది. పురస్కారాల పత్రాలలో ‘నేత’ అని వ్రాస్తారు గాని, కోట్‌పాడ్ బట్టకు సగం ప్రాణం కుండ దగ్గర నిలబడినవారే పోస్తున్నారన్నది మరువరాదు.

అరబ్బీ భాషలో రంగులద్దేవానిని సబ్బాగ్ అంటారు. ఆ ధాతువుకు మూలార్థం ముంచడం. ఖుర్ఆన్‌లో ఈ ధాతువు రెండు విధాలుగా వచ్చింది: అల్ బఖరా సూరాలో విశ్వాసి జీవితం సంతరించుకొనే దైవవర్ణం అనే అర్థంలో, అల్ ముఅమినూన్ సూరాలో సీనాయ్ పర్వతపు చెట్టునిచ్చే నూనె ప్రక్కన, రొట్టెను ముంచుకొని తినే వ్యంజనమనే అర్థంలో. అనువాదకులు మొదటిచోట ‘రంగు’ అనీ, రెండవచోట ‘కూర’ అనీ వ్రాయక తప్పదు. తెలుగులో ఆ రెంటికీ ఉన్న చుట్టరికం తెగిపోతుంది. అయితే పైపూతకూ ముంపుకూ గల భేదం గ్రంథాల కన్నా ముందుగా అద్దకంవారి కుండ దగ్గరే తెలుస్తుంది. పైన పూసినది ఉతికితే పోతుంది. నూనెతో, క్షారంతో లోపలి పోగును సిద్ధం చేసి ముంచినది బట్ట చిరిగేవరకు ఉంటుంది.

ఈ నూనె విద్య ఒక్క కొండలకే పరిమితం కాదు. కోస్తాలోని చీరాలలో తయారైన తేలియా రుమాలు పేరులోనే తేల్, అనగా నూనె, ఉన్నది. అక్కడ కూడ ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలును రోజుల తరబడి తొక్కేవారు. ఆ నూనె వాసన బట్టను వదలదు. చిటికి పద్ధతిలో, అనగా నేతకు ముందే నూలును కట్టలు కట్టి అద్దే పద్ధతిలో, ఎరుపు, నలుపు, తెలుపు చదరాలతో నేసిన ఈ రుమాళ్ళు అరబ్బు దేశాలకు ఓడలెక్కాయి. తలపాగాలుగా, భుజంమీది గుడ్డలుగా వాడబడ్డాయి. హైదరాబాదులోనూ వీటికి ఆదరణ ఉండేది. నేడు ఈ పని ప్రధానంగా పుట్టపాకలో నిలిచి ఉన్నది; అక్కడి గజం గోవర్ధన్‌కు 2011లో పద్మశ్రీ, ఆ ఊరి తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించాయి.

రెండు చోట్లా నూనె ఒకటే, క్షారం ఒకటే. వేరు విషయంలో మాత్రం దారులు చీలిపోయాయి. 1868లో గ్రేబ్, లీబర్‌మన్ అనే జర్మను శాస్త్రజ్ఞులు అలిజరిన్ అనే ఎర్ర రంగుపదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. కొద్దికాలంలోనే అది డబ్బాలలో ప్రపంచమంతా చేరింది. కోస్తాలో చిరివేరు తవ్వేవారి జీవనం దెబ్బతిన్నది. తేలియా రుమాలు నేతగాళ్ళు అలిజరిన్‌కు మారారు. రేవుకు దగ్గరగా ఉన్నవారికి కొత్త సరుకు ముందు చేరింది. ఘాట్ల వెనుక ఉన్న కోట్‌పాడ్‌లో మాత్రం వేరు నిలిచిపోయింది. దూరమే దానిని కాపాడిందనవచ్చును.

ఇక కట్టుకొనేవారి సంగతి. నేసేవారు మిర్గాన్ అనే నేత కులంవారు. వీరు గిరిజనులు కారు. కట్టుకొనేవారు చుట్టుప్రక్కల కొండలలోని గదబ, పరజ, ధురువ, భత్ర మొదలైన తెగలవారు. (పనికా అనే పేరుగల నేతవారిలో పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో చాలామంది కబీరు పంథావారు. ఆ కబీరు కాశీలో జులాహా ముస్లిముల ఇంట పెరిగిన నేతగాడన్నది అందరికీ తెలిసినదే.) మోకాలి వరకు కట్టుకొనే చీర 8 మూరలు, పెద్ద చీర 16 మూరలు. పెండ్లికి ఏ అంచు ఉండాలి, ఏ గుర్తు ఉండాలి అన్నది ఇంటివారు చెబుతారు, నేతగాడు నేస్తాడు. పీత, చేప, శంఖం, పడవ, గొడ్డలి, విల్లు, కుండ, విసనకఱ్ఱ, గుడిగోపురం — గుర్తులన్నీ వారి పొలంలోను, వాగులోను, ఇంటిలోను కనిపించేవే. ఇవి నేతగాడు కల్పించినవి కావు. వాటిని బట్టలోకి ఎలా తేవాలన్నది మాత్రం అతని సొంతం.

ఇక్కడే మగ్గం హద్దు ఎదురవుతుంది. పాదాల కింద గుంట ఉన్న మగ్గమది. జకార్డు వంటి యంత్రసాధనం లేదు, గళ్ళ కాగితంమీద ముందుగా గీసుకోవడం లేదు. పడుగు పోగులు లెక్కపెట్టి, అదనపు పేకను చేతితో దూర్చి బొమ్మ తీస్తారు. అంచూ నడిమి భాగమూ వేరువేరు రంగులలో విడిగా నిలబడటానికి మూడు నాడెలతో నేసి, కలిసేచోట పేకలను ఒకదానితో ఒకటి మెలివేస్తారు. నూలు ముతక, కనుక వంపు తిరిగిన గీత రాదు. వంపంతా మెట్లుగా మారుతుంది. పీత కాళ్ళు మెట్లు, చేప పొట్ట మెట్లు, పడవ కొన మెట్లు. చూసేవారు దీనిని ఆధునిక శైలి అని మెచ్చుకుంటారు. నిజానికది లెక్క. బొమ్మను ఎంత తగ్గిస్తే కూడ అది పీతగానే మిగులుతుందో తెలుసుకోవడమే ఆ నేతగాని ప్రతిభ.

రంగుల ఎంపిక సైతం ఇటువంటిదే. తెలుపు అంటే అద్దని ప్రత్తి, ఎరుపు అంటే ఆల్, నలుపు అంటే ఆల్‌తో ఇనుము. ఇంతే. కుండనుంచి ఈసారి వచ్చిన ఎరుపు పోయినసారి ఎరుపు వలె ఉండదు. వేరు వయసు, ఎండ, నీరు మారుతూ ఉంటాయి. వచ్చిన చిలపలను ముందు పెట్టుకొని, ఏది అంచుకు, ఏది కొంగుకు అని ఏర్చి కూర్చుకోవడంతో పని మొదలవుతుంది.

కొనేవారి కోరిక కళను మలచడం ముస్లిము ప్రపంచానికీ అనుభవమైన విషయమే. తొలినాటి తేలియా రుమాళ్ళలో చదరాలు, రేఖాకృతులే ప్రధానంగా కనిపిస్తాయి. 1930ల తరువాతనే గడియారాలు, విమానాలు, సింహాలు వచ్చి చేరాయి. బట్టమీది ప్రాణుల బొమ్మల గురించి హదీసులలో మందలింపూ ఉన్నది, బట్టలోని ‘రఖ్మ్’కు మినహాయింపు చూపే ఉల్లేఖనమూ ఉన్నది. రఖ్మ్ అంటే గీతలతో కూడిన నమూనా అని కొందరు ధర్మవేత్తలు, చదునుగా ఉండే ఏ బొమ్మైనా అని మరికొందరు వివరించారు. ఆ చర్చ ఇక్కడ అవసరం లేదు. మెట్లుగా విరిగిన కోట్‌పాడ్ పీతను చూస్తే, నమూనాకూ బొమ్మకూ మధ్య సరిహద్దు ఎంత సన్ననిదో మాత్రం తెలుస్తుంది.

తూర్పు కనుమలలో వస్త్రకళ కోట్‌పాడ్‌తో మొదలై అక్కడే ముగిసేది కాదు. గదబ స్త్రీలు కెరంగ్ అనే పొద బెరడునుంచి నార తీసి, వడికి, నేలమీద కూర్చుండి నడుముకు తగిలించుకొనే చిన్న మగ్గంమీద చారల గుడ్డ నేసుకొనేవారు. థర్‌స్టన్ 1909లో ప్రచురించిన తన ఏడు సంపుటాల గ్రంథంలో గదబల ఈ గుడ్డను వర్ణించాడు. వెరియర్ ఎల్విన్ బోండా స్త్రీల నేతను గురించి 1950లో వ్రాశాడు. నేడు అరకు ప్రాంతపు గదబ స్త్రీలు మిల్లు చీరలే కడుతున్నారు. థింసా నృత్యం సందర్శకులకు కనిపిస్తుంది, ఆ నార గుడ్డ కనిపించదు.

నియమగిరి కొండలలోని డోంగ్రియా ఖోందు స్త్రీలది మరొక దారి. వారు నేయరు, తెల్లని ముతక గుడ్డ కొని దానిమీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కుట్టుపని చేస్తారు. ఆ శాలువాను కపడాగండా అంటారు. దానిమీది త్రికోణాలు కొండలు. ఆ కొండలలో బాక్సైటు గనులు తవ్వాలా వద్దా అన్న వివాదంలో గ్రామసభలే నిర్ణయించాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ఏడాది సమావేశమైన 12 గ్రామసభలూ వద్దనే అన్నాయి. శాలువాకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. త్రికోణం అక్కడ అలంకారం మాత్రమే కాదని దీనివలన తేటపడుతుంది.

కోట్‌పాడ్‌కు అటువంటి వ్యాజ్యమేమీ లేదు. దాని ఇబ్బంది నిశ్శబ్దమైనది. రంగుకోసం వేరు తవ్వితే మొక్క మిగలదు. మళ్ళీ నాటి మూడేళ్ళు ఆగాలి. అడవిలో ఆల్ అరుదవుతున్నది. నెలరోజుల శ్రమకు తగిన ధర సంతలో దొరకదు. గిరిజన కుటుంబాలే చౌకబట్టకు మారుతున్నాయి గనుక కొనుగోలుదారు ఇప్పుడు భువనేశ్వర్‌లోనో ఢిల్లీలోనో ఉన్నాడు. అతడు పీతను అడగడు, మేజాగుడ్డ అడుగుతాడు, దుపట్టా అడుగుతాడు. భౌగోళిక గుర్తింపు పేరును కాపాడగలదు, వేరును నాటలేదు. పురస్కారం ఒకరిని గౌరవించగలదు. కుండ దగ్గర కాళ్ళతో నూలు తొక్కే తరువాతి మనిషిని పుట్టించలేదు. రంగు మొక్కను పొలంగట్లమీద పెంచడం పద్మశ్రీకన్నా చిన్న వార్త కావచ్చును, కాని పని దానితోనే నడుస్తుంది.

రసాయనపు రంగుతో అదే అంచు, అదే పీత నేసిన బట్టలు సైతం ఇదే పేరుతో అంగళ్ళలో దొరుకుతాయి. కొనేవారు తేడాను కొంతవరకు తామే పసిగట్టవచ్చును. ఆల్ రంగు బట్ట ఎరుపు అంతటా ఒకే విధంగా ఉండదు. ఒక చిలప ముగిసి మరొక చిలప మొదలైనచోట పేకలో సన్నని తేడా కనిపిస్తుంది. ముట్టుకుంటే మొదట మందంగా, కొంత బరుకుగా ఉంటుంది, ఉతికిన కొలదీ మెత్తబడుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆముదపు వాసన లీలగా తగులుతుంది.