అల్లికబుట్ట చెంత పిల్లి

సూదిపని, అల్లిక, చిత్రలేఖనము — ఇవి యన్నియు ఒకచోట కుదురుగ కూర్చుండి చేయవలసిన పనులు. మనిషి కుదురుగ కూర్చున్నచోటికి పెంపుడు పిల్లి తప్పక వచ్చును. నరసాపురము ప్రాంతమునవలె లేసు అల్లు ఇండ్లలోనేమి, తీరికవేళ రుమాలుపై పూవులు కుట్టుకొను ఇండ్లలోనేమి, దారపుండ దొర్లినదే తడవుగ పిల్లి దానిపై దుముకును. చూచువారికి అది యొక ముచ్చట. కాని ఆ ముచ్చటలో ప్రాణాపాయ మొకటి దాగియున్నది. దానిని గూర్చియే ఇచ్చట చెప్పదలచితిమి.

కదలెడు సన్నని వస్తువును వెంటాడుట పిల్లికి పుట్టువుతో వచ్చిన గుణము. పట్టుకొనుటతో ఆట ముగిసిన బాగుండును, కాని ముగియదు. పిల్లి నాలుకపై సన్నని ముండ్లు కలవు. మన గోళ్లు ఏ పదార్థముతో ఏర్పడినవో ఇవియు దానితోనే ఏర్పడి, గొంతువైపునకు వంగియుండును. ఒడలు నాకుకొనునపుడు అవి దువ్వెనవలె ఉపయోగపడును. కాని వానికి చిక్కిన దారమును ఉమ్మివేయుట పిల్లికి కష్టము. దారము లోపలికే జారును. దానివెంట సూదియు పోవచ్చును.

అట్లు పోయిన దారపు కొన యొకటి నాలుక క్రిందనో, జీర్ణకోశపు చివరనో చిక్కుకొని, మిగిలిన భాగము ప్రేగులలోనికి సాగును. ప్రేగు దానిని ముందునకు నెట్టజూచును. చిక్కుకొన్న దారము కదలదు. ప్రేగే దానిపైకి ముడుచుకొని వచ్చును. గుడ్డపై పొడవైన కుట్లు వేసి దారమును లాగినచో కుచ్చులు పడుట కుట్టుపని తెలిసినవారందరు ఎరిగినదే. ప్రేగునకు జరుగునదియు అదియే. బిగిసిన దారము ప్రేగుగోడను కోయుటయు కలదు.

మాటిమాటికి వాంతి యగుట, ఆహారము ముట్టకుండుట, మూలన నక్కియుండుట — ఇవి దీని చిహ్నములు. నోటియందు గాని మలద్వారమున గాని దారపు కొన కనిపించినను దానిని లాగరాదు. లాగినచో లోపల ప్రేగు తెగవచ్చును. ఆముదము పట్టించుట వంటి ఇంటివైద్యములు పనికిరావు. వెంటనే పశువైద్యుని కడకు తీసికొనిపోవలెను. తరచుగ శస్త్రచికిత్స అవసరమగును; ఆలసించినకొలది బ్రదుకు ఆశ సన్నగిల్లును. వాడిన పూలదండల దారము, సంక్రాంతి గాలిపటముల దారము కూడ ఇట్టివే.

చిత్రలేఖనమున ఆపద వేరొక రూపమున వచ్చును. పిల్లి ఒంటిపై ఏది పడినను, నాకుడువలన అది కడుపులోనికి చేరును. రంగులను పలుచన చేయు టర్పెంటైను దానికి విషము. అది ఒంటిపై పడినచో, నాకకుండ తుండుగుడ్డతో చుట్టిపట్టుకొని, గోరువెచ్చని నీటితోను, సౌమ్యమైన సబ్బుతోను కడిగి, వైద్యునకు చూపవలెను. కిరసనాయిలుతో తుడువరాదు, అదియు విషమే.

పూలపాత్రల నలంకరించువారు మరియొకటి గమనింపవలెను. నిజమైన లిల్లీజాతి మొక్కలో ఆకు, పూరేకు, పుప్పొడి, చివరకు పాత్రలోని నీరు సైతము పిల్లి మూత్రపిండములను కొలది దినములలో చెడగొట్టగలవు. మన పూల అంగళ్లలో లిల్లీ యని అమ్ము తెల్లని నేలసంపెంగ వేరు జాతిది. పేరు ఒకటైనంత మాత్రమున రెంటిని ఒకటిగ తలపరాదు. పిల్లియున్న ఇంటికి నిజమైన లిల్లీని తేకుండుటయే క్షేమము.

ఇంతమాత్రమున వ్యాసంగము మానుకొననక్కరలేదు, పిల్లిని గదినుండి వెడలగొట్టనక్కరలేదు. దారములకు మూతగల డబ్బా ఒకటి చాలును. పని ముగించి లేచునపుడు సూదులను లెక్కించుకొని, తెగిన దారపు ముక్కలను ఏరి, మూతగల చెత్తబుట్టలో వేయవలెను. పిల్లి ఆటకు ఉండగా చుట్టిన కాగితము, ఖాళీ అట్టపెట్టె మేలు. కుట్టు నేర్చినవారు పాతగుడ్డతో ఎలుకబొమ్మను గట్టిగ కుట్టి ఇయ్యవచ్చును. దానికి గుండీలు కన్నులుగ పెట్టరాదు, దారపు తోక తగిలింపరాదు. కన్నులను రంగుదారముతో బిగువుగ కుట్టిన చాలును. కుట్లు వదులైనపుడు ఆ బొమ్మను తీసివేసి క్రొత్తది కుట్టుకొనవచ్చును. మన చేతిపని పిల్లికి ఆటయగును. దాని ప్రాణమునకు ముప్పు కాదు.