వెనుక యాక్సిల్ నిష్పత్తి మార్పు: పాత పికప్ వాహనాలలో లాగుడు, పట్టు, నేల పరిమితులు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో పత్తి, వేరుశనగ, ఆముదం, ఉల్లి దిగుబడులను పొలం నుండి మార్కెట్ యార్డుకు చేర్చడంలో పాత పికప్ వాహనాలు ప్రధాన సాధనాలుగా ఉన్నాయి. ఇవి ఒకే ప్రయాణంలో రెండు భిన్నమైన బాటలపై నడవవలసి ఉంటుంది. ఒకటి నల్లరేగడి పొలంబాట. రెండవది ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరులను కలిపే 167వ నంబరు జాతీయ రహదారి. వర్షాలకు పొలంబాటలో బండి కూరుకుపోయినప్పుడు, బండికి లాగుడు చాలడం లేదని తలచి వెనుక యాక్సిల్‌ను గాని, అందులోని క్రౌన్-పినియన్‌ను గాని మార్పించాలన్న ఆలోచన యజమానికి కలగడం సహజం. ఈ మార్పు ఏ సమస్యను తీర్చగలదో, దేనిని తీర్చలేదో ఈ వ్యాసంలో వివరించడమైనది.

నిష్పత్తి అనగా ఏమి?

ప్రొపెల్లర్ షాఫ్ట్ చివరనున్న చిన్న పళ్లచక్రం పినియన్. అది తిప్పే పెద్ద పళ్లచక్రం క్రౌన్. క్రౌన్ పళ్ల సంఖ్యను పినియన్ పళ్ల సంఖ్యతో భాగించగా వచ్చేదే యాక్సిల్ నిష్పత్తి. క్రౌన్‌కు 41, పినియన్‌కు 11 పళ్లుంటే నిష్పత్తి 3.73, 39, 8 పళ్లుంటే 4.88. మొదటి దాని స్థానంలో రెండవది అమర్చినచో, అదే ఇంజను, అదే గేరుతో చక్రం వద్ద తిప్పుబలం సుమారు 31 శాతం పెరుగుతుంది. అయితే ఇంజను సామర్థ్యం పెరగదు. పెరిగిన బలానికి మూల్యంగా వేగం అదే మేరకు తగ్గుతుంది.

లాగుడు వేరు, పట్టు వేరు

ఒక ఉదాహరణను పరిశీలిద్దాం. లోడుతో కలిపి వాహనం బరువు 2,500 కిలోలు, అందులో వెనుక చక్రాలపై 1,500 కిలోలు ఉన్నవనుకుందాం. తారురోడ్డుపై చక్రాల దొర్లుడు నిరోధం బరువులో 1.5 శాతం అనుకుంటే, బండి నడవడానికి 40 కిలోల లోపు బలం సరిపోతుంది. మెత్తని నేలలో ఈ నిరోధం 15 శాతానికి చేరితే 375 కిలోల బలం కావాలి.

ఇంజను తిప్పుబలం 18 కిలో-మీటర్లు, మొదటి గేరు నిష్పత్తి 4, యాక్సిల్ నిష్పత్తి 3.73, చక్రం వ్యాసార్థం 0.35 మీటరు, మార్గమధ్యంలో నష్టం 10 శాతం అనుకుంటే చక్రం వద్ద లభించే బలం సుమారు 690 కిలోలు. అనగా పాత నిష్పత్తితోనే అవసరమైన దానికంటె ఎక్కువ బలం ఉన్నది. కాని తడిసిన బంకనేలపై టైరు పట్టు వెనుక చక్రాల బరువులో నాలుగవ వంతు మాత్రమే ఉంటే, నేలకు అందే బలం 375 కిలోలను మించదు. యాక్సిల్ మార్చి చక్రం వద్ద బలాన్ని 900 కిలోలకు పెంచినా ఈ పరిమితి మారదు. చక్రం మరింత తేలికగా జారి గుంత తవ్వుకుంటుంది.

సాధారణ డిఫరెన్షియల్‌లో ఒక చక్రం జారితే రెండవ చక్రానికీ అంతే స్వల్పబలం అందుతుంది. ట్రాక్టరులో డిఫరెన్షియల్ లాక్ అందుకే ఉన్నది. కావున కూరుకుపోయే బండికి నిష్పత్తి మార్పు కంటె మంచి గాట్లున్న టైర్లు, డిఫరెన్షియల్ లాక్ ఎక్కువ ఉపకరిస్తాయి.

రహదారిపై ప్రభావం

టైరు ఒక చుట్టుకు 2.2 మీటర్లు నడుస్తుందనుకుంటే, నేరుగా తిప్పే టాప్ గేరులో గంటకు 60 కిలోమీటర్ల వేగానికి ఇంజను నిమిషానికి సుమారు 1,700 చుట్లు తిరుగుతుంది. 4.88 నిష్పత్తితో అది 2,200 చుట్లు దాటుతుంది. శబ్దం, అరుగుదల, సాధారణంగా డీజిల్ ఖర్చు పెరుగుతాయి. స్పీడోమీటరు గేరుబాక్సు నుండి నడిచేదైతే, 60 చూపినప్పుడు వాస్తవ వేగం 46 మాత్రమే. తిరిగిన దూరం కూడా ఎక్కువగా నమోదై, మైలేజీ లెక్క తప్పుతుంది.

మార్పు ఎప్పుడు సమంజసం?

పెద్ద టైర్లు వేసినందున తగ్గిన లాగుడును తిరిగి పొందడానికి, లేదా లోడుతో ఎత్తులు తరచుగా ఎక్కుతూ క్లచ్ త్వరగా అరిగిపోయే వాహనాలకు ఎక్కువ నిష్పత్తి ఉపయోగపడుతుంది. ఎక్కువ కాలం రహదారిపైనే తిరిగే వాహనానికి తక్కువ నిష్పత్తి మేలు. ఏదైనా సరే, కింది జాగ్రత్తలు తప్పనిసరి.

• క్రౌన్, పినియన్లను జతగానే మార్చాలి. పళ్ల మధ్య వదులు, పళ్లు ఆనే గుర్తు సరిచూసి బిగించాలి. తయారీదారు చెప్పిన గేరు ఆయిల్ మాత్రమే వాడాలి.
• మొత్తం యాక్సిల్ మార్చేటప్పుడు దాని వెడల్పు, కమాను కట్టల స్థానం, చక్రం బోల్టుల అమరిక, బ్రేకులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు సరిపోవాలి.
• నాలుగు చక్రాలూ లాగే వాహనంలో ముందు, వెనుక యాక్సిళ్ల నిష్పత్తి ఒకటే ఉండాలి.

భారం, చట్టం

లాగుడు పెరిగిన బండి ఎక్కువ బరువు మోయగలదన్న భావన ప్రమాదకరం. బ్రేకులు, కమానులు, బేరింగులు, టైర్లు పాతవే. ఆగవలసిన బరువు పెరిగి, ఆపే శక్తి పెరగకపోతే ఆ ముప్పు బోరాలపై కూర్చున్న కూలీలకే ముందుగా కలుగుతుంది. పత్తి విషయంలో లోడు బరువు కంటె ఎత్తు సమస్య. ఎత్తు పెరిగినకొద్దీ మలుపులలో బండి ఒరిగే అవకాశం పెరుగుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 113వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని మొత్తం బరువును మించరాదు. పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 52వ సెక్షన్ నియంత్రిస్తున్నది. కావున పని చేపట్టకముందే రవాణా శాఖ కార్యాలయంలోను, బీమా సంస్థలోను విచారించుకోవాలి.

నేల దృష్టి

తడిసిన నల్లరేగడిపై నడిచిన చక్రం నేలను అణచివేస్తుంది. పైపొర అణగడం ముఖ్యంగా టైరు గాలి ఒత్తిడిపై, లోపొర అణగడం యాక్సిల్‌పై పడే బరువుపై ఆధారపడుతుంది. లోపొరలోని గట్టిదనం సాధారణ దుక్కితో తొలగదు. తదుపరి పంట వేరు లోతుకు పోలేదు, నీరు ఇంకదు. బండిని బలవంతంగా చేనులోనికి నడిపించగలగడం ఈ దృష్టితో లాభం కాదు. నేల ఆరేవరకు ఆగడం, ప్రతిసారి ఒకే జాడలో నడపడం, బోరాలను గట్టున నిలిపిన బండి వద్దకు చేర్చడం మేలు.

విస్తరణ శాస్త్రవేత్తలు రైతును ముందుగా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: బండి ఆగిపోయినప్పుడు ఇంజను ఆగుతున్నదా, చక్రం జారుతున్నదా? ఇంజను ఆగితే మొదట క్లచ్, ఇంధన వ్యవస్థలు పరీక్షించి, ఆ పిదప నిష్పత్తిని ఆలోచించవచ్చు. చక్రం జారితే పరిష్కారం టైరులో, లోడులో, బాటలో ఉన్నది. యాక్సిల్‌పై వెచ్చించే సొమ్మును పొలంబాటకు మొరం తోలించడానికి వినియోగించడం ఆ రైతుకు అధిక ప్రయోజనకరం.