మంచుపెట్టెకు కొయ్యచట్రము

ఇంట బీరు తయారుచేసికొనుటకు అమెరికాలో 1978 నాటి కేంద్రశాసనము అనుమతి నొసగెను. దానిని చల్లగా నిలుపుటకు కొందరు, మూత పైకి తెరచుకొను ఫ్రీజరు పెట్టెను వినియోగింతురు. లోపల నుంచునవి 19 లీటర్ల ఉక్కుపీపాలు. పూర్వము సోడా కంపెనీలు వాడినవే. బొగ్గుపులుసు వాయువు పైనుండి ఒత్తగా, బీరు గొట్టమున కొళాయికి ఎక్కును.

కొళాయికి రంధ్ర మెక్కడ? ప్రక్కగోడను తొలిచిరా, పెట్టె పని ముగిసినట్లే కావచ్చును. శీతలద్రవము పాఱు సన్నని గొట్టములు తఱచు ఆ గోడలలోనే దాగియుండును. అందుచే మూతకును పెట్టెకును నడుమ నొక కొయ్యచట్రము నిలిపి, కొళాయిలను దానికి బిగింతురు. బీరు రుచి నే నెఱుగను గాని, ఈ చట్రము మాత్రము నాకు మిక్కిలి నచ్చినది.

ఊరకున్నచో ఫ్రీజరు బీరును గడ్డకట్టించును. 3, 4 డిగ్రీల యొద్ద విద్యుత్తును ఆపు సాధనమును తగిలింతురు.

బొగ్గుపులుసు వాయువు గాలికంటె బరువైనది. కాఱినచో పెట్టె యడుగున నిలుచును. సిలిండరు మూసి, లోని గాలిని పంకాతో వెడలగొట్టిన పిమ్మటనే తల దూర్పవలెను.