కళాశాలలో నాట్య, నాటక విద్య

వీధినాటకము, యక్షగానము, కోలాటము చూడని పల్లె తెలుగునాట అరుదు. కాని ఈ కళలకు సంబంధించిన విద్యను కళాశాలలో చేరి అభ్యసింపవచ్చుననియు, పరీక్షలలో నెగ్గి పట్టము పొందవచ్చుననియు ఎరిగినవారు గ్రామములలో తక్కువ. కుమార్తె నాట్యము చదివెదననినను, కుమారుడు నాటకము చదివెదననినను, "అదియు ఒక చదువేనా?" యని తలిదండ్రులు కలత చెందుదురు. అట్టి వేళ వారు సలహా కొరకు పంచాయతీ సభ్యుల యొద్దకు వచ్చుట కద్దు. ఆ సలహా తెలిసి చెప్పినదైనచో ఒక బిడ్డ జీవితము చక్కబడును. కావున ఈ చదువు ఎట్టిదో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

పుట్టుకతో వచ్చిన విద్య

పూర్వము ఈ కళలు చాలవరకు పుట్టుకను బట్టి సంక్రమించెడివి. కృష్ణా జిల్లాలోని కూచిపూడి గ్రామమున సిద్ధేంద్రయోగి భామాకలాపమును అచటి బ్రాహ్మణ బాలురకు నేర్పెనని ప్రతీతి. తరతరములుగా ఆ విద్య ఆ కుటుంబముల పురుషుల యందే నిలిచెను. సత్యభామ వేషమును సైతము పురుషులే ధరించిరి. ఆ వేషమునకు వేదాంతం సత్యనారాయణశర్మ గారు (1935-2012) దేశమంతట పేరు గాంచిరి.

ఆలయ నృత్యము దేవదాసీల కుటుంబములలో నిలిచెను. సంఘము వారి కళను మెచ్చెను గాని వారిని చిన్నచూపు చూచెను. బాలికలను దేవాలయములకు అర్పించు ఆచారమును 1947లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రమున చట్టము నిషేధించెను. దురాచారము తొలగుటకు మార్గమేర్పడినది. కాని నృత్యముపై బడిన అపవాదు అంత త్వరగా తొలగలేదు. ఆడపిల్ల నాట్యము నేర్చునన్నచో నేటికిని కొందరు పెద్దలు సంకోచించుటకు అదియొక కారణము.

నాటకము సంగతియు ఇట్టిదే. కడప జిల్లా సురభి గ్రామమున 1885లో కీచకవధ ప్రదర్శనతో ప్రారంభమైన సురభి నాటక సమాజములు కుటుంబములుగనే వర్ధిల్లెను. అచట పుట్టిన బిడ్డకు రంగస్థలమే బడి.

అందరికిని తెరచిన తలుపు

ఈ పరిస్థితిని విద్యాలయములు మార్చినవి. విజయనగరమున 1919లో సంగీత పాఠశాల వెలసెను. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి ప్రథమాధ్యక్షులు. నేడది ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. కూచిపూడిలో సిద్ధేంద్ర కళాక్షేత్రము ఏర్పడెను. ఆ గ్రామముననే జన్మించిన వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసున కూచిపూడి ఆర్ట్ అకాడమీ నెలకొల్పి ఎందరో యువతులకు శిక్షణ నొసగిరి. పురుషుల విద్యగా నున్న కూచిపూడిని నేడు విశేషముగా అభ్యసించుచున్నవారు బాలికలే.

విజయవాడ, హైదరాబాదు మున్నగు నగరములందును ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలు కలవు. వీనిలో సర్టిఫికెట్టు, డిప్లొమా తరగతులు జరుగును. హైదరాబాదు విశ్వవిద్యాలయమున నృత్యము, నాటకము ప్రత్యేక శాఖలుగా నున్నవి. అచట స్నాతకోత్తర పట్టము వరకు చదువవచ్చును. ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయము 1959లో సంగీత నాటక అకాడమీ ఆధ్వర్యమున ప్రారంభమైనది. అచటి ప్రధాన శిక్షణ మూడు సంవత్సరములు. డిగ్రీ ముగించి, నాటకములలో పాల్గొన్న అనుభవము గలవారిని పరీక్షించి అందు చేర్చుకొందురు.

ఏమి నేర్పుదురు?

భరతముని అభినయమును నాలుగు విధములుగా విభజించెను. నేటి పాఠ్యక్రమమును గ్రహించుటకును ఈ విభజన చక్కగా ఉపకరించును.

మొదటిది ఆంగికము. అడవులు, నడకలు, చూపులు, హస్తములు ఇందు చేరును. ఒంటిచేతి ముద్రలనే అభినయదర్పణము 28గా పేర్కొన్నది. రెండవది వాచికము: ఉచ్చారణ, స్వరము, పద్యపఠనము, సంభాషణ. మూడవది ఆహార్యము: వేషధారణ, ఆభరణములు, రంగాలంకరణ. నాలుగవది సాత్వికము: కన్నీరు, గగుర్పాటు, గద్గదస్వరము వంటి ఎనిమిది భావములను లోనుండి పుట్టించుట.

ఇవిగాక తాళజ్ఞానము, కళాచరిత్ర, శాస్త్రగ్రంథములు బోధింతురు. నాటక విద్యార్థి దీపముల అమరిక, ధ్వని, దర్శకత్వము గూడ నేర్చుకొనవలెను. వ్రాతపరీక్షతో పాటు ప్రదర్శన పరీక్షయు ఉండును. ఒక భేదమును మాత్రము గుర్తింపవలెను. నాట్యమునకు దేహము చిన్ననాటి నుండియే అలవడవలెను. కళాశాలలో చేరు నాటికే కొన్ని ఏండ్ల సాధన ఉండుట మేలు. నాటకమును యౌవనమున ప్రారంభించినను ఆలస్యము కాదు.

ఇట్టి చదువు వలన నశించిన కళ సైతము పునర్జీవనము పొందగలదు. కాకతీయుల కాలమున జాయపసేనాని నృత్తరత్నావళిని రచించెను. ఆ గ్రంథమును, 1213 నాటి పాలంపేట రామప్ప దేవాలయ శిల్పములను పరిశీలించి నటరాజ రామకృష్ణ గారు (1923-2011) పేరిణి నృత్యమును తిరిగి రూపొందించిరి. గురుపరంపర తెగిన చోట గ్రంథమును శిల్పమును గురువులైనవి.

బ్రతుకు తెరువు

తలిదండ్రుల ప్రధాన సందేహమిది. నిజము దాచరాదు. ఈ చదువు చదివిన వారందరును ప్రసిద్ధులు కారు. అందరికిని నెలజీతము దొరకదు. ఉపాధ్యాయత్వము, సొంత శిక్షణాలయము, ప్రదర్శనలు, చలనచిత్ర, దూరదర్శన రంగములు ఉపాధి మార్గములు. ప్రదర్శనల ఆదాయము ఉత్సవ దినములలో వచ్చి తక్కిన దినములలో సన్నగిల్లును. కావున సాధారణ డిగ్రీ చదువుచు, దానితో పాటు సర్టిఫికెట్టు తరగతిలో చేరుట పలువురకు అనుకూలము. విశేష ప్రతిభయు, దీక్షయు గలవారు ఇదియే ముఖ్య విద్యగా గైకొనవచ్చును.

పంచాయతీ చేయదగిన సాయము

ఇందులకు పెద్ద వ్యయము అక్కరలేదు. సమీప ప్రభుత్వ కళాశాలలో ప్రవేశము ఎప్పుడు జరుగునో, రుసుము ఎంతయో, వసతిగృహమున్నదో లేదో ప్రతి సంవత్సరము విచారించి గ్రంథాలయమున ప్రకటింపవచ్చును. ప్రైవేటు సంస్థ ఇచ్చు పట్టమునకు ప్రభుత్వము యొక్క గాని, విశ్వవిద్యాలయము యొక్క గాని గుర్తింపు కలదా యని సొమ్ము కట్టుటకు ముందే తెలిసికొనుమని తలిదండ్రులకు చెప్పవలెను. ఊరి రచ్చబండనో, పాఠశాల ఆవరణనో సాయంకాల సాధనకు విడువవచ్చును. జాతరలలో మన పిల్లలకు కొంత సమయము కేటాయింపవచ్చును. గ్రామమున మిగిలియున్న వృద్ధ కళాకారులచే బాలబాలికలకు పాఠము చెప్పించుట ఇరువురకును మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది మాటసాయము. నాట్యము నేర్చు బాలికను గూర్చి గాని, వేషము కట్టు బాలుని గూర్చి గాని ఎవరైన ఎగతాళి చేసినచో పంచాయతీ పెద్దలు అడ్డుచెప్పవలెను. వైద్యమో, వ్యవసాయశాస్త్రమో చదువబోవు విద్యార్థిని ఆశీర్వదించి పంపినట్లే, నాట్య నాటక విద్యార్థిని గూడ ఊరు ఆశీర్వదించి పంపవలెను.